పెన్‌డ్రైవ్ ఆదివారాలు

పెన్‌డ్రైవ్‌లో కోడ్ పట్టుకుని స్టీలు సామాన్ల దుకాణానికి వెళ్లే వాలంటీర్లు లోకంలో ఎక్కడైనా ఉంటారా? హనుమకొండలో ఉన్నారు. వాళ్లలో సింధు ఒకతె.

వరంగల్ చుట్టుపక్కల పల్లెలకు ఏ బస్సు ఎప్పుడొస్తుందో చెప్పే యాప్ కోసం ఆ కోడ్. జీతం బత్తెం లేని పని. రమాకాంత్ మొదలుపెట్టాడు, ఇష్టమున్నవాళ్లు చేరారు. కోడ్ మొత్తం మాత్రం రమాకాంత్ వాళ్ల నాన్న స్టీలు దుకాణం వెనక గదిలో, అతని కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఎవరేం మార్చినా ఆదివారం తెచ్చి చూపించాలి. అతను పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి వరుసా చదివించి, టీ తాగించి, అప్పుడు అసలు కోడ్‌లో కలుపుతాడు.

సింధుకు ఇది అంతుపట్టలేదు. మనిషేమో తెలివైనవాడు, పద్ధతేమో తాతలనాటిది. ఎందుకు? ధర్మసాగర్‌లో తన ఇంటి నుంచి వచ్చేటప్పుడు బస్సులో దారి పొడుగునా ఆమెకు అదే ఆలోచన.

కోడ్‌ను ఆన్‌లైన్‌లో పెడదామని అడిగింది. అందరూ వాడే పెద్ద కంపెనీ సైటైతే కొత్తవాళ్లు తేలిగ్గా దొరుకుతారంది. కంపెనీని నమ్మి ఎట్లా పెడతామన్నాడు. సరేనని, వాలంటీర్లే నడిపే చిన్న సైటు ఒకటి వెతికి తెచ్చింది. అది రేపు మూతపడితే అన్నాడు. తలా ఒక కాపీ ఉంటుంది కదా అంది. ఎవరి కాపీలో వాళ్లు మార్చుకుని కలపమని అడుగుతారు, ఇంకొకరు చూసి ఒప్పుకుంటే కలుస్తుంది అని విడమరిచి చెప్పింది. ఈసారి అతను టీ చల్లారిపోతోందన్నాడు. కుంటిసాకులకైనా ఒక హద్దుండాలి కదా.

ఆ వానాకాలంలో ఒక ఆదివారం భరత్ అనే వాలంటీరు డోర్నకల్ నుంచి తడిసి ముద్దయి వచ్చాడు. ఇట్లా రైలెక్కి రావడం తన వల్ల కాదని, పద్ధతి మారకపోతే ఇదే చివరిసారని చెప్పి వెళ్లిపోయాడు. అంతకుముందే ఇద్దరు మానేశారు. ఇతనూ పోతే యాప్ మూలపడ్డట్టే. సింధు కుర్చీ రమాకాంత్ వైపు తిప్పింది.

"రమాకాంత్, సైటు ముచ్చట పక్కన పెట్టు. నీకు భయం దేనికి? అసలు సంగతి చెప్పు," అంది.

అతను చాలాసేపు కీబోర్డు మీద దుమ్ము తుడిచాడు.

"ఆన్‌లైన్‌ల పెడితే నువ్వు ఇంట్లనే కూసోని పంపుతవ్. గప్పుడు ఆదివారం ఇక్కడికెందుకొస్తవ్ మరి?"

బయట వాన హోరు. సింధు చెవులు వేడెక్కాయి. సంతోషమే, అబద్ధమెందుకు. కానీ దాని వెనకే కోపమూ తన్నుకొచ్చింది.

"నేను రావాల్నని భరత్‌ను డోర్నకల్ నుంచి తిప్పుతానవా? నాతోని ఒక్క మాట చెప్తే అయిపోయేది గదా."

అతను తల దించుకున్నాడు. తప్పు తనదేనన్నాడు. భరత్‌కు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాడు. ఆ సాయంత్రమే కోడ్ అంతా సింధు వెతికి తెచ్చిన చిన్న సైటుకు చేరింది. ఎవరి మార్పు వాళ్లే కలుపుకోకూడదు, ఇంకొకరు చూడాల్సిందే అని నియమం పెట్టుకున్నారు. ఆ నియమం రమాకాంత్‌కు కూడా.

మరుసటి ఆదివారం సింధు ఇంట్లోనే ఉంది. ఏం చేసినా చప్పగా అనిపించింది. పొద్దెక్కాక రమాకాంత్ పంపిన మార్పు వచ్చింది, చూడాల్సింది ఆమే. ధర్మసాగర్ బస్సు వేళలు సరిచేశాడు. ఒక్క తప్పు లేదు. ఒప్పుకుంటున్నానని ఒక్క నొక్కు నొక్కితే చాలు. ఆమె నొక్కలేదు. దాని కింద, వాలంటీర్లందరికీ కనబడేచోట ఇలా రాసింది:

"కోడ్ మంచిగనే ఉంది. గని గీ బస్సు గా టైముకే వస్తదా లేదా రాసినాయన ఎక్కి చూడాలె. భోజనం మా ఇంట్ల. అమ్మకు చెప్పిన."

అందరికంటే ముందు భరత్ బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టాడు. ఆ తర్వాత ఎంతసేపటికీ ఏమీ రాలేదు. సింధు ఫోన్ పట్టుకుని వంటింటికీ గుమ్మానికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

అప్పుడొచ్చింది జవాబు:

"బస్సు జర లేటు. ఎక్కిన."