ఎడమ పక్క గోడ

పొద్దున్నే స్నానం చేసి, ఖాకీ చొక్కా తొడుక్కుని సీమోను టీవీ ముందు కూర్చున్నాడు. వంటగదిలో భార్య సామ్రాజ్యం క్యారేజీ సర్దుతోంది. ఇంటి ముందు ఆయన తోలే స్కూలు బస్సు ఆగి ఉంది. నగరం మండలంలోని ఊళ్ళ పిల్లల్ని రోజూ రేపల్లెకి తీసుకొచ్చే బస్సు అది.

బాపట్లలో డిగ్రీ చదివే కూతురు రూబీ సెలవులకొస్తూ టీవీలో ఆడే ఈ గేమ్ తెచ్చింది. బొమ్మకార్ల పందెం. దారిలో మెరిసే పెట్టెల్ని తగిలితే రాకెట్టో, నూనె డబ్బానో దొరుకుతుంది. ముందున్నవాడి మీద రాకెట్టు వేసినప్పుడల్లా సీమోను చిన్నపిల్లాడిలా కేక పెడతాడు. గీత దాటబోతుండగా వెనకనుంచి ఎవడైనా గుద్దాడా, వాడి వంశమంతటినీ తిడతాడు.

ఇవాళ కూడా కారు ఎడమ గోడకే గుద్దుకుంది.

"ఛీ! ఈ రిమోట్ ఎడం పక్కకి లాగేస్తందే!"

"నిన్న నా రిమోట్ ఇచ్చినా అంతేగా నాన్నా."

"బస్సు తోలే మొగోడికి బొమ్మకారు లొంగలేదంట!" సామ్రాజ్యం లోపల్నుంచి నవ్వింది.

రూబీ నవ్వలేదు. నాన్న కుడి పక్క పెట్టెలన్నీ ఏరుకుంటున్నాడు. ఎడమ పక్కవి ఒక్కటీ తాకడం లేదు. ఆట ఆపి, తెర ఎడమ అంచున వేలు పెట్టింది.

"ఇదేంటి నాన్నా?"

"ఏది?"

"నా వేలు."

సీమోను మెడంతా తిప్పాడు. "ఆ... వేలు."

"ఎప్పట్నుంచి ఇట్లా?"

"ఏంటి ఎప్పట్నుంచి? డ్యూటీ టైమైంది, లెగు."

"పిల్లలెక్కేది ఎడం పక్కే కదా నాన్నా!"

"క్లీనర్ ఏసుపాదం ఉన్నాడుగా, రైట్ చెప్పటానికి."

"వాడు చెప్పందే నీకు కనపడదా?"

సీమోను రిమోట్ నేలకేసి కొట్టాడు. "ఇన్నేళ్ళ సర్వీసులో కోడిపిల్లని కూడా తొక్కలేదు నేను. నా బతుకుని బొమ్మకారుతో కొలుస్తావటే?"

కనపడకపోతే చెప్పాలి. చెప్పలేదు. చెబితే స్టీరింగు పోతుంది. అది పోతే తనేంటో ఆయనకే తెలీదు.

ఆయన బూట్లు తొడుక్కునేలోగా రూబీ బయటికెళ్ళిపోయింది. సీటెక్కి ఇంజిను వేశాడు. సామ్రాజ్యం క్యారేజీ అందించింది.

"రూబీ ఏదే? అలిగిందా?"

సామ్రాజ్యం కేక పెట్టింది. "ఎదురుగానే ఉందయ్యా! ఎడం పక్క, బంపరు దగ్గర! ఆపు!"

సీమోను మెల్లగా మెడ తిప్పాడు. అద్దం అవతల కూతురు కదలకుండా నిలబడి ఉంది. ఏడుస్తోంది. ఇంతసేపూ అక్కడే ఉంది.

ఇంజిను ఆపాడు.

"వానాకాలం నుంచేనమ్మా," అన్నాడు, రూబీ లోపలికెక్కాక. "చీకటిగా కూడా ఉండదు. అటేపు అసలేమీ లేనట్టుంటది. తల తిప్పితే చాలనుకున్నా."

"నాకైనా చెప్పకూడదా?" అంది సామ్రాజ్యం.

"చెబితే తోలనిస్తావా?"

"తెనాలి కళ్ళాసుపత్రికి పోదాం నాన్నా. ఇవాళే."

"నయమవుద్దంటావా?"

"తెలీదు నాన్నా."

అబద్ధమాడనందుకు కూతురి తల నిమిరాడు. ఫోన్ తీసి స్కూలుకి చేశాడు.

"సార్, సీమోనునండి. బస్సుకి ఇంకో డ్రైవర్ని పంపండి... జొరమేం కాదండి. లేదండి, రేపు కూడా రానండి." బస్సు తాళంచెవి తీసి రూబీ చేతిలో పెట్టాడు. "నాకు పిల్లలు కనపడట్లేదండి."