ఎలుగుబిలంలో రెండు కుండలు

మార్కాపురం సంతరోజున, తేనె అమ్మడానికి కొండ దిగివచ్చిన చెంచు ఈదన్న కుక్క ఎండకు తాళలేక కొండోజు సాంబాచారి దుకాణం అరుగెక్కి పడుకుంది. దాన్ని అదిలించబోయిన సాంబాచారి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. కుక్క మెడలోని నారతాడుకు పాతకాలపు సీసపు బిళ్ళ ఒకటి వేలాడుతోంది. ఆయన ఊదుగొట్టం కింద పడేసి, యాభై ఆరేళ్ళ మోకాళ్ళు నేలకానించి, కుక్క గుర్రుమంటున్నా లెక్కచెయ్యకుండా ఆ బిళ్ళను వెలుతురుకు తిప్పి చూశాడు. ఒకవైపు ఎక్కుపెట్టిన విల్లు, దాని మీద మూడు బాణాలు. చుట్టూ అరిగిపోయిన బ్రాహ్మీ అక్షరాలు. ఆయనకు ముచ్చెమటలు పోశాయి.

దానికి కారణముంది. ఊళ్ళో తక్కిన కంసాలులు పాత నాణేలు దొరికితే కరిగించి తమ పని చూసుకుంటారు. సాంబాచారి మాత్రం వాటిని తానే కొని దాచుకునేవాడు. మా ఆయన బంగారం పని చేసి సీసం వెనకేస్తాడని ఆయన భార్య పర్వతవర్ధని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. పద్దెనిమిదేళ్ళ కిందట పాత ఇనుప సామాన్ల కొట్లో ఆయనకు ఇలాంటి విల్లు నాణెమే ఒకటి దొరికింది. దాని మీది రాజు పేరు ఏ పుస్తకంలోనూ లేదు. గుండెలు ఉప్పొంగి, దాన్ని పట్నంలో నాణేల పండితుల సభకు పట్టుకుపోయాడు. పెద్ద పండితుడొకాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, తమరేం చేస్తుంటారని అడిగాడు. కంసాలినన్నాడు ఈయన. అయితే అచ్చు కూడా తమ దగ్గరే ఉండి ఉంటుందని పండితుడు నవ్వాడు. సభంతా నవ్వింది. ఆనాటి నుంచి నాణేలు సేకరించేవాళ్ళెవరూ ఆయన దగ్గర ఒక్క నాణెం తీసుకోలేదు, ఆయనకు ఇవ్వలేదు. దొంగ నాణేల ఆచారి అన్న పేరు ఆయన్ని జిడ్డులా పట్టుకుంది.

ఆ బిళ్ళ ఎక్కడిదని అడిగితే ఈదన్న దాచకుండా చెప్పాడు. దోర్నాల మీద అడవిలో ఎలుగుబిలం ఉంది. దాని దిగువ వాగులో కిందటేడు వానలు వెలిశాక దొరికింది. బిలం లోపల గూట్లో రెండు కుండలున్నాయి, ముళ్ళపందిని తరుముతూ పోయి ఒకసారి చూశాడు. పోయినవాళ్ళ సొత్తని ముట్టుకోలేదు. దారి చూపిస్తావా అంటే, కూతురికి వెండి కడియాలు చేసి ఇవ్వాలన్నాడు. సాంబాచారి సరేనన్నాడు. ఆ తర్వాత ఈదన్న అడిగిన మాటకు మాత్రం ఆయన నోట్లో వెలక్కాయ పడింది.

"నీకు బామ్మర్ది ఉండాడా సామీ?"

చెంచులు కొండచరియల మీద తేనె తియ్యడానికి తాడు పట్టుకుని దిగుతారు. పైన ఆ తాడు పట్టేవాడు పెళ్ళాం తమ్ముడో అన్నో అయ్యుండాలి. వేరేవాళ్ళ చేతికివ్వరు. సొంత తమ్ముడైతే ఏ గట్టు తగాదానో మనసులో పెట్టుకోవచ్చు. బామ్మర్దికి మాత్రం తాడు వదిలితే తోబుట్టువు తాళి తెగుతుంది. బిలంలోకి దిగాలన్నా అదే పద్ధతి, లేకుంటే తాను రానన్నాడు ఈదన్న.

సాంబాచారికి ఉన్నది ఒక్కడే బామ్మర్ది, రుద్రోజు కేదారాచారి. వడ్రంగం చేస్తాడు. చేతులు దూలాల్లా ఉంటాయి, నోరు బాడిసలా ఉంటుంది. బావ నాణేలను చెల్లని కాసులని, వాటి పెట్టెను చిత్తుబుట్ట అని పిలుస్తాడు. వాడి సాయం అడగడం కన్నా కొలిమిలో చెయ్యి పెట్టడం నయమనుకున్నాడు సాంబాచారి. చివరికి పర్వతవర్ధనే తమ్ముణ్ణి పిలిచి, ఈయన్ని తీసుకుపోయి తీసుకురమ్మని ఆజ్ఞాపించింది. అక్క మాటకు ఎదురు చెప్పే అలవాటు కేదారికి లేదు. దారి పొడుగునా బావను ఆటపట్టించే హక్కు ఒక్కటే అడిగి పుచ్చుకున్నాడు.

జ్యేష్ఠమాసం చివరి రోజులు. దోర్నాల దాకా బస్సులో వెళ్ళి, అక్కడ నుంచి ముగ్గురూ తెల్లవారుతూనే అడవిలో పడ్డారు. నల్లమద్ది, ఏపె చెట్ల మధ్య కాలిబాట ఉన్నట్టే ఉండి మాయమవుతోంది. ఎండిన వెదురు ఆకులు అడుగుకొక్కసారి పెళపెళమంటున్నాయి. ఒకచోట ఎలుగు తవ్విన పుట్ట ఇంకా పచ్చిమన్ను వాసన వేస్తోంది. పొద్దు నడినెత్తికి రాకముందే ఎండిపోయిన వాగు మధ్యలో ఆ బిలం కనిపించింది. నాలుగు బారల లోతు గొయ్యి, దాని అడుగున పక్కకు పోయే సన్నని సొరంగం.

ఈదన్న తెచ్చిన నారతాడు ఇరవై బారలుంటుంది. దాని కొస సాంబాచారి నడుముకు తానే ముడి వేసి, బయటికొచ్చేదాకా విప్పొద్దన్నాడు. రెండో కొస గట్టు మీది మద్దిచెట్టు మొదలుకు చుట్టి, మిగిలింది కేదారి చేతికిచ్చాడు. చెట్టుకు కట్టాక మళ్ళీ నేనెందుకని కేదారి అడిగితే, తాడు రాయికి ఒరుసుకుంటుంటే చెట్టు చూసుకోదన్నాడు ఈదన్న. కేదారి గోనెపట్టా మడిచి గొయ్యి అంచున తాడు కింద పెట్టాడు. లోపల నుంచి ఒకసారి గుంజితే ఆగమని, రెండుసార్లు గుంజితే చేదమని గుర్తు. పైనుంచి రెండుసార్లు గుంజితే వెంటనే బయటికి రమ్మని.

సాంబాచారి దిగాక, ఈదన్నా అదే తాడు పట్టుకుని వెనకే దిగాడు. సొరంగంలో పొట్ట మీద పాకాలి. అది మొదట కిందికి వాలి, రెండు బారలు పోయాక మళ్ళీ పైకి లేచి, మనిషి నిలబడగల గదిలోకి తెరుచుకుంటుంది. టార్చిలైటు వెలుగులో, పైకప్పుకు ఆనుకుని ఈదన్న చెప్పిన గూడు కనిపించింది. రెండు కుండలూ ఉన్నాయి. ఒకటి మూతి పగిలి నెర్రెలిచ్చింది. రెండోదాని మూత మన్ను మెత్తినది మెత్తినట్టే ఉంది. సాంబాచారి మొదటి కుండను నేల మీద వంచాడు. బూడిదరంగు బిళ్ళలు గలగలమనకుండా మొద్దుగా, బరువుగా రాలాయి. అన్నీ సీసమే. పైనున్నదాన్ని ధోవతి అంచుతో తుడిచాడు. విల్లు, మూడు బాణాలు. మరొకటి తుడిచాడు. అదే విల్లు. పట్నం సభలో నవ్విన ముఖాలన్నీ ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చాయి.

అప్పుడైనా ఆ బిళ్ళలను కుప్పగా సంచిలో పోసుకుని బయటపడి ఉంటే సరిపోయేది. కానీ సాంబాచారికి ఒక నియమముంది. నాణేన్ని దొరికినచోటే తుడిచి, తూచి, బరువూ గుర్తూ రాసిన కాగితంలో చుట్టాలి. లేకపోతే అది నాణెం కాదు, ఉత్త సీసం ముక్క. ఆయన సంచిలోంచి బంగారం తూచే చిన్న త్రాసు తీసి, రాయి మీద నిలబెట్టి, పెళ్ళిలో తాళిబొట్టు తూచినంత శ్రద్ధగా మొదలుపెట్టాడు. ఈదన్న టార్చి పట్టుకుని కూర్చున్నాడు. ఒక గంట గడిచింది. రెండో గంటా గడిచింది. ఈదన్న ముక్కు ఎగబీల్చి, మన్ను వాసన మారిందని, పైకొండల మీద వాన పడుతున్నట్టుందని చెప్పాడు. ఇంకో పది తూచి లేస్తానన్నాడు సాంబాచారి.

నడుముకున్న తాడు రెండుసార్లు గట్టిగా గుంజుకుంది. కేదారికి తొందరెక్కువని విసుక్కుని, సాంబాచారి ఒక్కసారి గుంజి ఆగమన్నాడు. మళ్ళీ రెండు గుంజులు. మళ్ళీ ఆయన ఒకటి. మూడోసారి పైనుంచి వచ్చిన గుంజుకు ఆయన వెనక్కి పడ్డాడు, త్రాసు ఎగిరిపోయింది. అప్పుడు సొరంగంలోంచి ఏదో గొణుగుతున్నట్టు చప్పుడు వినిపించింది. ఈదన్న టార్చి అటు తిప్పాడు. సొరంగం వాలులో ఎర్రటి నీళ్ళు నురగలు కక్కుతూ తిరుగుతున్నాయి. చూస్తుండగానే నీళ్ళకూ పైకప్పుకూ మధ్యనున్న జానెడు ఖాళీ బెత్తెడైంది, తర్వాత అదీ మూసుకుపోయింది.

పైన వాగుకు వరద దిగింది. గొయ్యి అడుగున ఉన్న బీటలోంచి నీళ్ళు పోతూనే ఉన్నాయి గానీ, వచ్చేవి అంతకు పదింతలున్నాయి. గదిలో నీళ్ళు మడమలకు, మోకాళ్ళకు, నడుముకు ఎక్కాయి. కాగితం పొట్లాలు తడిసి విచ్చుకుపోతుంటే సాంబాచారి వాటిని ఎడాపెడా సంచిలోకి తోశాడు. మిగిలిన బిళ్ళలనూ దోసిళ్ళతో ఎత్తి పోశాడు. గదికి మరో దారి ఉందేమోనని ఈదన్న గోడలన్నీ తడిమి వచ్చాడు. లేదు. పైకప్పున చెయ్యి దూరేంత పగులైనా లేదు. బయట ఎంత ఆకాశముందో సాంబాచారికి ఆ క్షణంలో గుర్తొచ్చింది.

నీళ్ళు రొమ్ముల దాకా వచ్చాయి. ఈదన్న ఆయన భుజం పట్టుకున్నాడు.

"రెండు బారలే సామీ. మునిగి తాడెంట పోవాల. నువ్వు ముందు, నేను నీ కాళ్ళు నెడతా. ఆ సంచి ఈడ్నే వదిలెయ్. దాంతో పోలేవు."

సాంబాచారి తలూపాడు. టార్చి తడిసి ఆరిపోయింది. ఆ చీకట్లో ఆయన సంచిని వదల్లేదు. చొక్కా లోపల పొట్టకు ఆనించి, సంచి పట్టీని నడుముకు బిగించి జారుముడి వేశాడు. ఐదువందల సీసపు బిళ్ళలు, ఏడు శేర్లకు తక్కువుండవు. పద్దెనిమిదేళ్ళ అవమానం బరువు దానికన్నా ఎక్కువేనని ఆయన లెక్క. రెండుసార్లు తాడు గుంజి, గుండెల నిండా గాలి పీల్చి మునిగాడు.

తాడు లాక్కుపోయింది. మొదటి బార సులువుగానే గడిచింది. వాలు అడుగుకు చేరేసరికి సంచి చొక్కాలోంచి జారి, రెండు రాళ్ళ సందులో మేకులా దిగింది. పైనుంచి కేదారి లాగుతున్నాడు, కింద సంచి కదలడం లేదు. నడుము దగ్గర తాడు చర్మాన్ని కోస్తోంది. వెనక నుంచి ఈదన్న తల ఆయన అరికాళ్ళకు తగిలింది. ఈదన్న నెట్టాడు. మళ్ళీ నెట్టాడు. దారికి అడ్డంగా ఉన్నది సాంబాచారే. ఆయన కదిలితే తప్ప ఈదన్నకు గాలి లేదు.

జారుముడి కొస ఆయన వేళ్ళలోనే ఉంది. ఒక్కసారి లాగితే ఊడిపోతుంది. నిజం చెప్పాలంటే, ఆయన వెంటనే లాగలేదు. ఈదన్న వేళ్ళు ఆయన చీలమండను పట్టుకున్నాయి. గట్టిగా బిగించాయి. తర్వాత ఆ పట్టు ఒక్కొక్క వేలుగా సడలడం మొదలుపెట్టింది. తన పేరు నిలబెట్టుకోవడానికి ఒక మనిషిని నీళ్ళలో తొక్కిపెడుతున్నానన్న సంగతి సాంబాచారికి అప్పుడు తెలిసింది. కొస లాగేశాడు. సంచి వదిలింది. మోకాళ్ళు ముడిచి, చెయ్యి వెనక్కి చాపి, దొరికిన జుట్టును పిడికిట్లో బిగించాడు. తాడు వాళ్ళిద్దరినీ ఒక్క ఊపున గొయ్యిలోకి, అక్కడ నుంచి పైకి, హోరుమని పడుతున్న నీళ్ళలోంచి ఈడ్చుకుపోయింది.

కేదారి మోకాలి లోతు వాగులో, మద్దిచెట్టుకు వీపు తన్నిపెట్టి నిలబడి లాగుతున్నాడు. గోనెపట్టా ఎప్పుడో కొట్టుకుపోయింది. తాడు పురి ఒకటి తెగి వేలాడుతోంది. వాడి అరచేతుల చర్మం లేచిపోయి నెత్తురు కారుతోంది. ఇద్దరినీ గట్టు మీదికి లాగి, ఈదన్నను బోర్లా పడుకోబెట్టి వీపు మీద నొక్కాడు. ఎర్రటి నీళ్ళు కక్కుకుని ఈదన్న దగ్గాడు. సాంబాచారి వానలో కూలబడి, జరిగినదంతా దాచకుండా చెప్పాడు, కొస లాగడానికి ఆలస్యం చేసిన సంగతితో సహా. ఈదన్న ముఖం తిప్పుకున్నాడు. తర్వాత మాత్రం, కడియాలు బరువుగా చెయ్యమన్నాడు.

"పోయినయ్యిరా కేదారీ," అన్నాడు సాంబాచారి. "మళ్ళీ దొంగ నాణేల ఆచారినే."

కేదారి అరచేతులకు కండువా చుట్టుకుంటున్నాడు. ఈసారి వాడి గొంతులో వెటకారం లేదు.

"సంచెడు తెచ్చి చూపించినా ఏమంటారు బావా? అప్పుడు ఒకటి చేశాడు, ఇప్పుడు సంచెడు చేశాడంటారు. నీ చెయ్యి పడిందల్లా వాళ్ళకి దొంగదే. నీ చెయ్యి పడనిది అందులో ఏవన్నా ఉందా?"

సాంబాచారి తలెత్తాడు. మన్ను మెత్తిన రెండో కుండ ఆయనకు గుర్తొచ్చింది.

మర్నాడే వెళ్ళి తాలూకా కచేరీలో అర్జీ ఇచ్చాడు. బిలం ఎక్కడుందో, లోపల ఏముందో వివరంగా రాశాడు. సొరంగం అడుగున పడి ఉన్న బిళ్ళలను తాను ముట్టుకున్నానని, వాటిని సాక్ష్యంగా తీసుకోవద్దని, రెండో కుండ మూత మాత్రం తాను తియ్యలేదని ప్రత్యేకంగా రాశాడు. అందులో ఏముందో తనకు తెలియదని కూడా రాశాడు. వాగు ఎండేదాకా పట్టిన నాలుగు నెలలూ ఆయనకు సరిగ్గా నిద్ర పట్టలేదు. కుండలో వడ్లో ఎముకలో ఉంటే ఇక తన మాట నమ్మేవాడు లేడు.

కార్తీకంలో వాగు ఎండాక పురావస్తు శాఖ అధికారిణి ఒకామె, తాసిల్దారూ వచ్చారు. సాంబాచారి కేదారిని వెంటబెట్టుకుని వచ్చి, బిలానికి ఇరవై బారల దూరంలో రాయి మీద కూర్చున్నాడు. రమ్మని పిలిచినా దగ్గరికి రాలేదు. ఈదన్న ముందు దిగాడు, వెనక ఆమె దిగింది. కుండను కదపకుండా ఫొటోలు తీసి, మన్ను మూతను లోపలే విప్పారు. ఎంతోసేపటికి ఆమె పైకొచ్చి, ఒళ్ళంతా దుమ్ముతో ఆయన ముందు నిలబడి అరచెయ్యి చాపింది. అందులో బూడిదరంగు బిళ్ళ ఒకటి ఉంది. మీరు చూసి చెప్పండి అంది.

సాంబాచారి రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. "మీరే చూసి చెప్పండమ్మా. నేను చెబితే నేను చేసిందే అవుద్ది."

ఆమె బిళ్ళను కుంచెతో మెల్లగా దులిపి, భూతద్దం పెట్టి, పెదవులు కదుపుతూ చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. విల్లు, మూడు బాణాలు అంది. ఈ రాజు పేరు తాను ఏ పుస్తకంలోనూ చూడలేదంది.

"మా బావ పద్దెనిమిదేళ్ళ కిందటే చూశాడు," అన్నాడు కేదారి తాసిల్దారుకూ బంట్రోతులకూ అందరికీ వినబడేట్టు. "రాసుకోండి. కొండోజు సాంబాచారి, మార్కాపురం."

ఆమె పుస్తకం తెరిచి, ఇంటిపేరు మరోసారి చెప్పమని సాంబాచారినే అడిగింది. ఆయన చెప్పబోయాడు. చేతులు వెనకే కట్టుకుని, అందరి ముందూ ఏడ్చేశాడు.