గడువు 30-11

"స్వర్ణలత చచ్చిపోతే కారణం ఏమని రాయాల?" ఫోన్లో చీఫ్ యజ్ఞనారాయణ అడిగాడు.

ఇవతల ఏజెంట్ ఖలీల్ స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాడు. జమ్మలమడుగులో ఇన్వర్టర్ రిపేరు షాపు అతని ముసుగు. అసలు పని బల్ల కింద దాచిన సర్వర్. సమయం పగలు పదకొండు నలభై ఆరు.

పులివెందుల గెస్ట్‌హౌస్‌లో స్వర్ణలత పట్టుచీరలో, నల్లద్దాలతో విదేశీ ముఠా మధ్య కూర్చుని ఉంది. ముఠా ఆమెను తమ మనిషనుకుంటోంది; నిజానికి ఆమె కూడా ఏజెంటే. దొంగిలించిన రాడార్ ప్లాన్లు మోసే లారీ నంబరు తెలియగానే ఆమె ఖలీల్ సర్వర్‌కు పంపాలి. ఫోన్‌లో నగల డిజైన్ల యాప్ వెనుక రహస్య చానెల్ ఉంది. దాని సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు పన్నెండుకి ముగుస్తుంది. ఆ తర్వాత యాప్ తెరిస్తే తెర ఎర్రబడి అలారం మోగుతుంది. ఆమె తెరిచేదాకా ఇటునుంచి ఏ కబురూ చేరదు.

"పదిహేను రోజుల ముందే హెచ్చరిక రావాల కదా?" చీఫ్ నిలదీశాడు.

"దానికి షెల్ స్క్రిప్టని చిన్న ప్రోగ్రాం రాసినా సార్. రోజూ చూస్తాంది."

"ఏం చూస్తాంది? చదువు."

ఖలీల్ చదివాడు. ఈరోజుకు పదిహేను రోజుల తర్వాతి తేదీ 15-12-2025. గడువు 30-11-2025. గడువు ఆ తేదీకన్నా ముందుంటే హెచ్చరించాలి. స్క్రిప్టు వాటిని తేదీలుగా చూడలేదు. ఎడమ నుంచి అంకెలు పోల్చింది. 15 కన్నా 30 పెద్దది. గడువు దూరంగా ఉందనుకుని ఊరుకుంది. రోజూ ఊరుకుంది.

"తేదీలో సంవత్సరం మొదట రాసింటే సరిపోయేది సార్. రాజుపాలెం బడిలో బోర్డు మీద తేదీని రోజుతోనే మొదలుపెట్టేటోణ్ణి. చెయ్యి అట్లే పోయింది."

"బడిలో అయితే ఎండలో నిలబెడతారు. ఆడ ఆయమ్మను చంపుతారు."

"కొత్త సర్టిఫికెట్ ఇప్పించండి సార్."

"సంతకం పెట్టేటాయన విమానంలో ఉండాడు. ఒంటిగంటకు దిగుతాడు."

సర్వర్ ఆపితే లారీ పోతుంది. ఆపకపోతే మనిషి పోతుంది. ఖలీల్ చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. బిగించడానికి ఏమీ లేదు.

పన్నెండయింది. రెండు నిమిషాలు గడిచాయి. సర్వర్ తెర మీద ఒక వరుస కదిలింది. లారీ నంబరు. ప్రొద్దుటూరు దాటింది, చీనీకాయల లోడు, అంటే బత్తాయిలు.

దువ్వూరు దగ్గర చెక్‌పోస్టు గేటు అప్పటికే సగం లేచింది. ఖలీల్ నుంచి ఫోన్ రాగానే కిందికి దిగింది. కాయల కింద ప్లాన్లు దొరికాయి.

సాయంత్రం స్వర్ణలత షాపులోకి వచ్చి నల్లద్దాలు తీసింది.

"నీ ఫోన్ అరవలేదా?" ఖలీల్ అడిగాడు.

"ఫోన్‌లో తేదీ వారం వెనక్కి పెట్టుకున్యా. దానికింకా గడువుంది."

"ఎందుకట్లా?"

"గడువు దగ్గరికొచ్చింది. నీనుంచి చప్పుడు లేదు. నిన్ను నమ్ముకోని చావాల్నా అన్నా?"

ఖలీల్ తల దించుకుని స్క్రిప్టు తెరిచాడు. తేదీలో సంవత్సరాన్ని మొదటికి తెచ్చి నడిపించాడు. షాపు అదిరేలా బజర్ మోగింది: జాగ్రత్త, గడువు ఈరోజే.