బోర్డు వెనకాల మనిషి

"ఏవండీ, ఉప్మా చల్లారిపోతోంది. మీరూ తినరు, పిల్లనీ తిననివ్వరు" అని వంటింట్లోంచి కేకేసింది రత్నమాణిక్యం.

బంగార్రాజు పెరటి అరుగు మీద కూర్చుని షెడ్డు వైపే చూస్తున్నాడు. రావులపాలెంలో లైటింగు బంగార్రాజంటే తెలియనివాళ్లు లేరు. చుట్టుపక్కల ఏ ఊళ్లో ఉత్సవం జరిగినా గోడంత బోర్డు మీద రంగురంగుల బల్బులతో దేవుళ్లను ఆడించేది ఆయనే. ఈరోజు షెడ్డులో ఉన్న బోర్డు మాత్రం ఆయనది కాదు, కూతురు సత్యశ్రీది.

ఆ పిల్ల ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరింగు పూర్తిచేసింది. చెన్నైలో ఉద్యోగం కూడా వచ్చింది, సోమవారం చేరాలి. నలుగురికీ స్వీట్లు పంచవలసిన వేళ "నేను వెళ్లను, మన లైటింగే చేస్తాను" అని భీష్మించుకు కూర్చుంది. ఇంట్లో కొన్నాళ్లు అన్నాలు సయించలేదు. ఆఖరికి బంగార్రాజు ఒక షరతు పెట్టాడు. పెనుగొండ అవతల ఓ ఊళ్లో అమ్మవారి ఉత్సవానికి బోర్డు మొత్తం సత్యశ్రీ ఒక్కతే చెయ్యాలి. కమిటీవాళ్లు మెచ్చుకుంటే ఇక్కడే ఉండిపోవచ్చు, లేదంటే నోరెత్తకుండా రైలెక్కాలి. పని పూర్తయ్యేదాకా తను షెడ్డులో అడుగుపెట్టనని కూడా అన్నాడు. ఉత్సవం రేపే.

"అమ్మా, నాన్నా, రండి! కరెంటు ఇస్తున్నాను" అని పిలిచింది సత్యశ్రీ.

బంగార్రాజు బోర్డుల్లో మోటారుతో తిరిగే చెక్క డ్రమ్ము ఉంటుంది. దాని మీది రాగిరేకులు తగిలినప్పుడల్లా ఒక్కో వరస బల్బులు వెలుగుతాయి. రేకు కాస్త జారినా బొమ్మ ఆగిపోతుంది గనక, ఉత్సవం సాగినంతసేపూ ఆయన బోర్డు వెనకాల కాపలా కూర్చునేవాడు. సత్యశ్రీ ఆ డ్రమ్మే తీసేసి, అరచేతిలో పట్టే పెట్టెలో చిప్పు అమర్చింది. బొమ్మను కంప్యూటర్లో గీసి, రాజమండ్రిలో పెద్ద కాగితాల మీద ప్రింటు తీయించింది.

స్విచ్చి వేసింది. ముందు కిరీటం వెలిగింది, తరవాత చీర అంచు. అమ్మవారి కళ్లు మెల్లగా తెరుచుకున్నాయి. డ్రమ్ముతో అంత మెల్లగా ఎవరూ తెరిపించలేరని బంగార్రాజుకు తెలుసు. రత్నమాణిక్యం చేతులు జోడించింది. అప్పుడు అమ్మవారి చెయ్యి దీవిస్తున్నట్టు పైకి లేచింది.

"అయ్యో, ఎడమచేత్తో దీవిస్తోందేంటే!" అంది రత్నమాణిక్యం.

సత్యశ్రీ పరుగున వెళ్లి కంప్యూటర్ చూసుకుంది. "ఇందులో కుడిచెయ్యే ఉందమ్మా. మరి ఇక్కడ..."

"ఉంటుంది. నువ్వు కాగితాన్ని బోర్డు వెనకవైపు అంటించి బెజ్జాలు కొట్టావు. వెనకనుంచి కొడితే బొమ్మని తిరగేసి గీసుకోవాలి" అన్నాడు బంగార్రాజు.

రత్నమాణిక్యం చటుక్కున భర్త వైపు తిరిగింది. "ఎటువైపు అంటించిందో మీకెలా తెలుసండీ? షెడ్డులోకి రానన్నారు కదా?"

ఆయన తల దించుకున్నాడు. "మొన్న కిటికీలోంచి చూశాను."

"చూసి, చెప్పకుండా ఊరుకున్నారా?"

"నేను ఓడిపోతానని తెలిసే చూస్తూ నిలబడ్డారా నాన్నా?" అంది సత్యశ్రీ.

"అవునమ్మా, నిలబడ్డాను! ఇవిగో చూడు, షాకు కొట్టిన వేళ్లు, ఈ రెండూ సరిగ్గా ముడుచుకోవు. ఏ పెళ్లికి లైటింగుకెళ్లినా అందరూ తిన్నాక దొడ్డిగుమ్మంలో వేస్తారు నాకు విస్తరి. ఆ బతుకు నీకెందుకు? హాయిగా ఏసీ గదిలో కూర్చోమంటే..."

"బొమ్మలేసుకుంటానంటే చదువుకోమన్నారు. చదువుకున్నాక బొమ్మలు మానెయ్యమంటున్నారు. నాకు రెండూ కావాలి నాన్నా. బొమ్మా కరెంటూ కలిసిన పని నేను చూసింది మీ దగ్గరే." కళ్లు తుడుచుకుంది. "షరతంటే షరతే. బట్టలు సర్దుకుంటాను."

కూతురు లోపలికి వెళ్లిపోయాక రత్నమాణిక్యం మెల్లగానే అంది. "వద్దని మొండికేసినా బాగుండేదండీ. ఆడపిల్లని ఆశపెట్టి మోసం చేశారు. కమిటీవాళ్లకి ఏం చెప్పుకుంటారో మీరే చెప్పుకోండి."

ముప్పాతిక బ్యాగు సర్దేసరికి షెడ్డులోంచి చప్పుడు వినిపించింది. సత్యశ్రీ పరిగెత్తుకెళ్లి చూస్తే, తండ్రి బోర్డు వెనక నిలబడి బల్బులు ఊడబెరుకుతున్నాడు.

"నాన్నా! దాన్ని కూడా ఉండనివ్వరా?"

"అరవకు. ముందువైపుకెళ్లి నిలబడు" అన్నాడు బంగార్రాజు. "బల్బులు తీగలతో సహా ఊడదీసి, అటువైపునుంచి అవే బెజ్జాల్లో గుచ్చుదాం. వెనకది ముందవుతుంది, కుడిచెయ్యే లేస్తుంది. నీ చిప్పు జోలికి పోనక్కర్లేదు."

సత్యశ్రీ అటు వెళ్లింది. బోర్డుకు ఒకవైపు కూతురు గుచ్చుతుంటే, ఇంకోవైపు తండ్రి లాగుతున్నాడు. ఎదురుగా చెప్పలేని మాట ఆయన ఆ చెక్క చాటునుంచి చెప్పాడు.

"తప్పయిపోయిందమ్మా."

ఆమె ఏడుస్తూనే ఇంకో బల్బు గుచ్చింది. బెజ్జంలోంచి బయటికి వచ్చిన ఆ ముడుచుకోని వేలిని ఒక్క క్షణం పట్టుకుని వదిలింది.

వాళ్లు బల్బులు గుచ్చి ముగించాక, ఇప్పుడు ముందుకొచ్చిన రంగులేని చెక్కకు రత్నమాణిక్యం నల్లరంగు వేసింది. ఉప్మా సాయంత్రం తిన్నారు ముగ్గురూ.

మర్నాడు ఉత్సవంలో చీకటి పడగానే బంగార్రాజు అలవాటు ప్రకారం స్టూలు పట్టుకుని బోర్డు వెనక్కి బయల్దేరాడు. సత్యశ్రీ చెయ్యి పట్టుకుని ఆపింది.

"అక్కడ మీకేం పనిలేదు నాన్నా. దానంతటదే ఆడుతుంది. రండి."

జనం మధ్యకు తీసుకొచ్చి నిలబెట్టింది. అమ్మవారి కళ్లు తెరుచుకున్నాయి. కుడిచెయ్యి లేచింది. జనమంతా ఒక్కసారి చేతులు జోడించారు. కమిటీ పెద్ద పల్లంరాజు వెతుక్కుంటూ వచ్చాడు.

"ఏం చేశారండీ బంగార్రాజుగారూ! ఆయ్, ఎప్పుడూ ఇలా చూళ్లేదండీ. వచ్చే ఏడూ మీరే చెయ్యాలండీ."

"నేను కాదండీ, మా అమ్మాయి చేసింది. ఇక దాంతోనే మాట్లాడండి" అన్నాడు బంగార్రాజు.

పల్లంరాజు వెళ్లాక కూడా ఆయన చూపు తిప్పలేదు. ఎర్రటి వెలుగూ పచ్చటి వెలుగూ తడిసిన ఆ మొహం మీద ఆడుతున్నాయి.

"మాణిక్యం, ముందునుంచి చూస్తే ఇలా ఉంటుందా?"

"నేను ఏటా చూస్తూనే ఉన్నానండీ" అంది రత్నమాణిక్యం, కొంగుతో కళ్లొత్తుకుంటూ. "మీరు చేసిన బోర్డులు మీరే చూసుకోలేదు."