దీర్ఘం లేని కావేరి

బాపట్ల పోలీసు స్టేషన్ బెంచీ మీద ప్రకాశం ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. పక్కనున్న కళ్ళజోడాయన ఎస్సై మేడమ్‌కి వాక్ స్వాతంత్ర్యం గురించి పాఠం చెబుతున్నాడు.

"చీర బాగోలేదనండి, రేటెక్కువనండి, అది మీ హక్కు," అంది ఎస్సై. "మీరు రాసింది మీ ఇంటావిడకి చదివి వినిపించనా మరి?"

కళ్ళజోడాయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలెట్టాడు.

రేపల్లెలో ఫ్యాన్లకు వైండింగ్ చేసుకునే ప్రకాశం ఎనిమిదితోనే బడి మానేసినవాడు. అతను కుర్రతనంలో ఎరిగిన కావేరి, భర్త పోయాక ఫోన్‌లో లైవ్ పెట్టి చీరాల చీరలు అమ్ముకుంటోంది. ఆ లైవ్ కింద ఈ కళ్ళజోడాయన లాంటి కొందరు పాడు రాతలు రాస్తుంటే చూడలేక ఇతనూ ఒకటి రాశాడు. 'కావెరి గారి జోలికొస్తే నాలుక కోస్తా.' బెదిరింపు బెదిరింపేనంటూ చట్టం ఇతన్నీ పిలిపించింది. ఫిర్యాదు ఇచ్చింది కావేరే.

ఆమె లోపలికొచ్చింది. చెంపలు నెరిశాయిగాని ఆ ఓరచూపు మారలేదు. తెనాలి కాలేజీకి ఆమె వెళ్ళే ప్యాసింజర్ రైల్లో అతను జామకాయలు అమ్మేవాడు. ఆమె కాయకు మాత్రం ఉప్పూకారం రెండింతలు. ఓ వానరోజు, కిటికీలన్నీ మూసిన పెట్టెలో, జామకాయల చాకుతో గోడ మీద ఆమె పేరు చెక్కాడు. మర్నాటి నుంచి ఆమె రాలేదు. కాదు పొమ్మందనుకుని, ఆ కోపంతోనే పెళ్ళి మానుకుని ముప్పై ఏళ్ళు గడిపేశాడు.

"నేనేం తప్పు చేశానండి? మీ కోసమేగా రాసింది," అన్నాడు నిష్ఠూరంగా.

"అప్పుడూ నా కోసమే రాశావుగా. రైలంతా చదివింది. మా నాన్న కాలేజీ మానిపించి, నెల తిరక్కుండా పెళ్ళి చేసేశాడు."

ప్రకాశం బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు.

"ఫోన్‌లో రాసింది నేనేనని ఎట్టా తెలిసింది?"

"నా పేరులో 'వే'కి దీర్ఘం పెట్టనోడివి నువ్వొక్కడివే, అప్పుడు రైల్లోనూ ఇప్పుడూ. అది చూసే నీ పేరూ ఇచ్చాను. ఎదురుగా నిలబెట్టి అడగాలని."

క్షమాపణ రాసివ్వమంది ఎస్సై. కూడబలుక్కుంటూ రెండు లైన్లు రాశాడు. కాగితం ఎస్సైకి ఇవ్వకుండా ముందు కావేరికి చూపించాడు.

"ఇట్టా రాయొచ్చా అండి?"

ముప్పై ఏళ్ళ కిందట అడగాల్సిన మాట అది. కావేరి పెన్ను తీసుకుని, తన పేరులో దీర్ఘం పెట్టింది.

"ఇప్పుడు రాయొచ్చు," అంది. "తెనాలి బండికింకా గంట టైముంది. పద, టీ తాగుదాం."