దూకిన జన్యువు, ఎత్తని వల

"ఏవండీ, ఈ ఐసులో చేప పొలుసుందండీ!"

ల్యాబ్‌లో ఇంద్రజ పెట్టిన కేక అది. ఐసు మిషను పాడైందని, కొత్తగా చేరిన సింహాద్రి ఫిషింగ్ హార్బర్ నుంచి బకెట్ నిండా ఐసు తెచ్చాడు. ఆమె ఆ పొలుసును రెండు వేళ్ళతో ఎత్తి, దొంగను పట్టుకున్నట్టు అతని ముఖం ముందు పెట్టింది.

"ట్యూబులు ఐసు మీద కూర్చుంటాయి గానీ, ఐసు తినవు కదండీ," అన్నాడతను.

కోపం రావలసిన చోట ఆమెకు నవ్వొచ్చింది. అది దాచుకోవడానికి ఇంకా గట్టిగా కోప్పడింది.

అది 2003. ఇంద్రజ వాళ్ళది గోదావరి జిల్లా. నాన్న భీమశంకరరావు గారి స్టీల్ ప్లాంట్ ఉద్యోగం వాళ్ళను విశాఖ తెచ్చింది. సింహాద్రి జాలరిపేట కుర్రాడు. తల్లి గంగాలమ్మ పూర్ణా మార్కెట్లో చేపలమ్మి చదివించింది. కంగారు పడితే తప్ప అతని నోట పేట భాష రాదు. ఇంద్రజ ఎదురుగా ఉంటే తరచూ వచ్చేది.

వాళ్ళ పరిశోధన దూకే జన్యువుల మీద. మన కణాల్లో కొన్ని జన్యు ముక్కలు తమను తామే కాపీ చేసుకుని, ఆ కాపీని ఇంకోచోట అతికిస్తాయి. మామూలు కణం వాటిని అదుపులో పెడుతుంది. చాలా క్యాన్సర్ కణాల్లో ఆ అదుపు సడలుతుంది. అలాంటి జన్యువుకొక గుర్తు తగిలించి క్యాన్సర్ కణాల్లోకి పంపింది ఇంద్రజ. అది దూకితేనే కణం పచ్చగా మెరుస్తుంది. లేదంటే చీకటే.

నెలల తరబడి చీకటే. ఒకసారి రెండు రోజులు కరెంటు పోయి కణాలు చచ్చాయి. ఇంకోసారి కణాలకు కావలసిన గ్యాస్ సిలిండర్ అయిపోయింది. "ఈసారీ రాకపోతే ఆపేద్దామమ్మా," అన్నారు గైడ్ గారు. ఆపేస్తే ఆమె పీహెచ్‌డీ మళ్ళీ మొదటికొస్తుంది.

కొత్త కణాల ప్లేట్లు, వాటిని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌లో పెట్టిన రోజు ఆమె అడిగింది. "ఈసారి వస్తుందంటారా?"

సింహాద్రి పలకలేదు. తలుపు మూసి, కూనిరాగం తీస్తూ వెళ్ళిపోయాడు.

"నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయి కాబోలు!" అంది ఇంద్రజ గోడతో.

ప్లేట్లు చూసే రోజు రానే వచ్చింది. పొద్దున మైక్రోస్కోప్ గదిలోకి వెళ్ళిన సింహాద్రి బయటికొచ్చి, ఏమీ అనకుండా మెట్ల మీద కూర్చుని వాన చూస్తున్నాడు. ఆ ముఖం చూసి, ఈసారీ చీకటే అనుకుంది ఇంద్రజ. తిన్నగా గైడ్ గారి గదికెళ్ళి, "ఆపేద్దాం సార్," అనేసింది.

పొద్దున వానకు పోయిన కరెంటు మధ్యాహ్నానికి వచ్చింది. కళ్ళు తుడుచుకుని, చివరిసారిగా చూద్దామని మైక్రోస్కోప్ దగ్గర కూర్చుంది.

చీకట్లో ఒక కణం పచ్చగా మెరుస్తోంది!

"పొద్దున్నే సూసినానండి," అన్నాడు వెనక నుంచి సింహాద్రి.

"చూసి చెప్పలేదా? నేను ఆపేద్దామని చెప్పొచ్చేశానండీ!"

"అయ్యబాబోయ్, ఆపీమన్నారేటి! కంట్రోల్ ప్లేటు కూడా సూసి సెబుదారనుకున్నాను, ఈలోగా కరెంటెల్లిపోనాది. మా ఇంట్లో వల ఎత్తకముందు సేపల మాట ఎత్తరండి. ఒక్క సేప ఎగిరితే వల నిండిపోద్దేటి?"

కంట్రోల్ ప్లేటులో జన్యువుకు దూకే శక్తి లేకుండా చేసి పెట్టారు. అదీ మెరిస్తే మొత్తం అబద్ధమే. ఇద్దరూ ఒకే మైక్రోస్కోప్‌లో చెరో కన్నూ పెట్టారు. చెంపలు తగిలినా ఎవరూ జరగలేదు.

కంట్రోల్ ప్లేటంతా చీకటి. చీకటిని చూసి అంతగా గంతులేసిన పిల్ల విశాఖలో ఇంకొకతి ఉండదు. గైడ్ గారు వచ్చి చూసి, "ఆపేద్దామన్నది ఎవరమ్మా?" అని నవ్వి వెళ్ళారు.

"ఆ రోజు నేనడిగితే పలకనిదీ అందుకేనా?" అంది ఇంద్రజ.

"అందుకేనండి."

"నేను పొగరనుకున్నాను. ఇంకేమైనా ఎత్తని వలలున్నాయా?"

అతను ఐసు బకెట్ వైపు చూశాడు. "ఒకటుందండి. పొలుసు దొరికిన రోజు ఏసినాను."

"మరి ఎత్తండి."

"మీరంటే నాకు పేనం." చెప్పేసి, వెంటనే కంగారు పడ్డాడు. "మీ నాన్నగారు ఒప్పుకుంటారంటారా?"

ఇంద్రజ పలకలేదు. బకెట్ అందుకుని, కూనిరాగం తీస్తూ వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం గంగాలమ్మ ఒక్కతే స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌కు వచ్చింది. "పులుసూ తెచ్చినాను, మాటా తెచ్చినాను బాబూ. మావోడికి నోరు పెగల్దు," అంది. పులస తప్ప మరొకటి చేపే కాదనే భీమశంకరరావు గారు ఆ వంజరం పులుసు మారు వడ్డించుకున్నారు. పిల్ల ముఖం చూశారు. "చదువు మాత్రం ఆపకూడదండీ," అన్నారు.

"ఆపితే నానూరుకుంతానా బాబూ!" అంది గంగాలమ్మ.

ఇంద్రజ ఫోన్ దగ్గరికి పరుగెత్తింది.

"వల ఎత్తేశామండీ. నిండుగా ఉంది. ఇప్పుడు మాట్లాడండి!"

"మాటలేటండీ, నాను బయల్దేరిపోతన్నాను!"