పడని నెత్తురు

పొద్దున్నే శ్యామలమ్మ చాయ్ పెట్టింది. భర్త హన్మాండ్లు చేతికిచ్చింది. కూతురు సవితకు మాత్రం గ్లాసు గడప పక్కన పెట్టి, వెనక్కి చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. కొడుకు ధనుంజయ్ పోయినప్పటి నుంచి కంఠేశ్వర్‌లోని ఆ ఇంట్లో తల్లీకూతుళ్లకు మాటల్లేవు. సెలవు దొరికితే చాలు సవిత హైదరాబాద్ నుంచి బస్సెక్కి వస్తుంది. గడప దగ్గరి చాయ్ తాగి వెళ్లిపోతుంది. కన్న అవ్వ తనకు చాయ్ పెట్టడం మానలేదు కదా, అదే పదివేలనుకుంటుంది పిచ్చిది.

సవిత పరిశోధన అంతా రక్త మూలకణాల మార్పిడి మీదే. ఎముకల్లో నెత్తురు పుట్టించే మూలుగ చెడిపోయినవాళ్లకు, సరిపోయే ఇంకొకరి కణాలు ఎక్కించి కొత్త నెత్తురు పుట్టించే వైద్యం అది. వయసంతా ఆ ప్రయోగశాలకే ధారపోసింది. తమ్ముడికే ఆ జబ్బు వచ్చి, తన కణాలే వాడికి సరిపోయినప్పుడు, ఇన్నేళ్లూ వాడి కోసమే చదివానని మురిసిపోయింది. మార్పిడి అయ్యాక ధనుంజయ్ నవ్వుకుంటూ ఇంటికి వచ్చాడు. కొద్ది రోజులకే జ్వరంతో మళ్లీ ఆసుపత్రికి వెళ్లాడు. తిరిగి రాలేదు.

అక్క నెత్తురు తమ్ముడికి పడలేదని శ్యామలమ్మ తేల్చేసింది. బజారులో అదే మాట, బోధన్ దగ్గర చెరుకు తీసేసి పసుపు వేసిన తమ చేలో కూలీలతోనూ అదే మాట. సవిత ఒక్కనాడూ కాదనలేదు. ఆ నింద తను మోస్తే అవ్వ బతుకుతుందనుకుంది.

ఆ పొద్దున పక్కింటి భూమేష్ వచ్చాడు. అతని కూతురు సంజనకూ అదే జబ్బు. తోడబుట్టినవాడి కణాలు చక్కగా సరిపోయాయి కూడా. అయినా శ్యామలమ్మ చెప్పింది విన్నాక ధైర్యం చాలక మానుకున్నామని, బిళ్లలతో ఏమైనా తగ్గుతుందా అని తల వంచుకుని అడిగాడు. తగ్గదని సవితకు తెలుసు. ఆలస్యమైతే ఏమవుతుందో ఇంకా బాగా తెలుసు. అతను వెళ్లాక ఆమె వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అవ్వా, ఆ పిల్లను ఆపకు."

"నేనెందుకు ఆపుత? ఉన్నది చెప్పిన. నీ నెత్తురు పడలె, నా కొడుకు పోయిండు."

"పడ్డది. ఇంటికొచ్చినప్పుడు తమ్ముని ఒంట్ల కొత్త నెత్తురు మంచిగ పుడుతుండె."

"మరెట్ల పోయిండు?"

సవిత వెనుదిరగబోయింది. బయట నుంచి హన్మాండ్లు "చెప్పు బిడ్డా" అన్నాడు.

మందులు ఎక్కించడానికి ఛాతీలో ట్యూబు పెట్టినచోటు నుంచి బూజు, అదే ఫంగస్, లోపలికి పోయిందని, దాన్ని తట్టుకునే బలం వాడికి ఇంకా రాలేదని సవిత చిన్న గొంతుతో చెప్పింది. శ్యామలమ్మకు ఒళ్లు మండిపోయింది. తన ఇంట్లో బూజెక్కడిదని నిలదీసింది. నువ్వు చెప్పినట్టే నీళ్లు మరగబెట్టాను, పచ్చి పండు పెట్టలేదు, చుట్టాలను గడప దాటనియ్యలేదు అని ఒక్కొక్కటీ ఏకరువు పెట్టింది.

"ట్యూబు కాడ ఎర్రగ కందితే గూడ, ఊకె చూసుకుంట కూసున్ననా? మన చేనిదే, కొత్త పసుపు..."

అక్కడ ఆగిపోయింది. తన చేతులు చూసుకుంది.

"పసుపు పెట్టిన" అంది, ఎవరితోనో అన్నట్టు.

"నేను వద్దని చెప్పలె అవ్వా" అంది సవిత. "అన్నీ చెప్పిన, పసుపుల గా బూజు ఉంటదని గదొక్కటి చెప్పలె. మన ఇంట్ల దెబ్బ తగిలితే పసుపు గాక ఇంకేం పెడ్తం? నాకే తోచలె."

"నీకెప్పుడు తెల్సింది?"

"ఆసుపత్రిల దూది తీసినప్పుడు సూసిన."

"సూసి, నన్ను గిన్ని మాటలు అననిచ్చినవా?"

శ్యామలమ్మ పొయ్యి ముందు కూలబడి, కొడుకు పోయిననాడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. అప్పుడు నింద వేయడానికి ఒకరున్నారు. ఇప్పుడు తను తప్ప ఎవరూ లేరు.

చాలాసేపటికి లేచింది. సబ్బుతో చేతులు కడిగింది, మళ్లీ కడిగింది. చెప్పులు కూడా వేసుకోకుండా భూమేష్ ఇంటికి నడిచింది. సవిత వెనకే వెళ్లింది.

"నా బిడ్డ నెత్తురు మంచిదే భూమేషూ" అంది శ్యామలమ్మ. "నా చెయ్యే మంచిది గాదు. పిల్లను ఆసుపత్రికి తోల్కపో. ఇంటికి తెచ్చినంక గా ట్యూబు కాడ పసుపు పెట్టకుండ్రి. నేను పెట్టిన."

పాలిపోయిన సంజన మంచం దిగి, ఎప్పటిలాగే పెద్దవ్వా అంటూ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. శ్యామలమ్మ చప్పున రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

వెనక నిలబడ్డ సవిత ఆ చేతులు పట్టుకుంది. అవి ఇంకా తడిగానే ఉన్నాయి. శ్యామలమ్మ విడిపించుకోలేదు.